కారులో ఇద్దరికి పడక: ఫిబ్రవరి నుంచి డిసెంబర్ దాకా

కారు 2014 వ్యాగన్ ఆర్. మనుషులు ఇద్దరం: నేను, మా ఆయన. అబ్బాయి ఇంటర్ హాస్టల్‌కి వెళ్ళాక శని, ఆదివారాలు ఖాళీ దొరికాయి. హైదరాబాద్ నుంచి ఒక రాత్రికి వెళ్ళొచ్చే చోట్లకి, గది బుక్ చేసుకోకుండా, కారులోనే పడుకునేలా పలకల మంచం చేశాను. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే, నేను పాడుచేసిన 18 ఎంఎం ప్లైవుడ్ వాళ్ళు పాడుచేయకూడదు. అందుకే కొలతలు, ఖర్చులు, పొరపాట్లు ఎప్పటికప్పుడు రాస్తూ వచ్చాను.

ముందుగా ఒక విషయం. కారు సీట్లు ఊడదీయలేదు, బాడీకి ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. ఆర్‌సీలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. వెనక సీటు ముందుకి మడిచి, దాని మీద పలకలు పరిస్తే అది సామానే. సోమవారం ఉదయానికి తీసేస్తాం.

దశ 1. ఫిబ్రవరి: కారుని మాత్రమే కొలిచిన తప్పు

టేపుతో తీసుకున్న కొలతలు ఇవి:

1. డిక్కీ తలుపు నుంచి, పూర్తిగా ముందుకి జరిపిన ముందు సీట్ల దాకా: 162 సెం.మీ.
2. వెనక చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు: 99 సెం.మీ. వెనక తలుపుల దగ్గర: 118 సెం.మీ.
3. మడిచిన వెనక సీటు మీద నుంచి పైకప్పు దాకా: 90 సెం.మీ.
4. డిక్కీ నేలకి, మడిచిన సీటుకి మధ్య ఎత్తు తేడా: 17 సెం.మీ.

ఈ నాలుగో కొలత వల్లే మంచం అవసరమైంది. సీటు మడిస్తే సమతలం వస్తుందనుకుని ఉత్త పరుపు వేసేస్తే నడుము దగ్గర గట్టు తగులుతుంది. డిక్కీ వైపు 17 సెం.మీ. ఎత్తు కాళ్ళు పెట్టి ఒక పలక, ముందు సీట్ల వెనక కాళ్ళు పెట్టుకునే గుంట మీద 44 సెం.మీ. నడిపలక. ఇదీ నమూనా.

గట్టిగా ఉండాలని 18 ఎంఎం ప్లై తెచ్చాను, మెత్తగా ఉండాలని 4 అంగుళాల ఫోమ్ తెచ్చాను. రెండూ తప్పే. స్నానాల గది బయట ఉండే బరువు మిషను మీద ఒక్కో ముక్కా పట్టుకుని నిలబడి తూచాను. నా బరువు తీసేస్తే చెక్క మొత్తం 31 కిలోలు. నడిపలకని ఒక్కదాన్నే ఎత్తి కారులో పెట్టలేకపోయాను. ఫోమ్, చెక్క కలిసి దాదాపు 12 సెం.మీ. తినేశాయి. పైకప్పుకి 78 మిగిలింది. నేను కూర్చుంటే నడినెత్తి దాకా 82. ఆయన 89. ఇద్దరం తల పక్కకి వంచి మాట్లాడుకోవాల్సి వచ్చింది.

మొదటి పరీక్ష మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే పెట్టాం. రాత్రి 11 గంటలకి డిక్కీ లోంచి ఎక్కాం. డిక్కీ తలుపుని ఆయన లోపలి నుంచి గట్టిగా లాగితే మూసుకుని లాక్ పడింది. ఆయన ఎత్తు 174, పడక 162. మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నారు. రెండు గంటలకి నీళ్ళ సీసా కోసం దిగాలని చూస్తే వెనక తలుపు తెరుచుకోలేదు. రెండో వైపూ అంతే. మా వాడు చిన్నప్పుడు వేసిన చైల్డ్ లాక్ అలాగే ఉండిపోయింది. డిక్కీకి లోపల పిడి లేదు. ముందు సీట్లని స్టీరింగ్ దాకా జరిపేశాం కాబట్టి అటు దూరే సందు కూడా లేదు.

ఫోన్లు పైన ఛార్జింగ్‌లో ఉన్నాయి. అద్దం మీద కొడుతుంటే వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు. టార్చి వేసి చూసి, తలుపు తెరిచి, మా ఆయనతో మెల్లగా అన్నాడు: "పొద్దున్నే పెద్దోళ్ళను కూసోబెట్టి మాట్లాడుకోండి సార్. ఆడమనిషిని కారులో పండుకోబెట్టుడు మంచిగ లేదు." ఆయన ప్రాజెక్టు గురించి చెప్పబోయారు. చెక్క, కొలతలు, నాగార్జునసాగర్ అంటూ ఆయన చెబుతున్న కొద్దీ వాచ్‌మన్‌కి మా మీద దిగులు పెరిగింది.

మార్చినవి:

1. రెండు వెనక తలుపుల అంచున ఉండే చిన్న మీట తిప్పి చైల్డ్ లాక్ తీసేశాను. ప్రతి ప్రయాణానికి ముందు లోపల కూర్చుని తలుపు తెరిచి చూస్తాను. దయచేసి ఈ ఒక్కటీ మర్చిపోకండి.
2. ఒక ఫోన్, టార్చి, తాళం ఎప్పుడూ తల పక్కన ఉన్న సంచిలోనే.

ఖర్చు: 18 ఎంఎం ప్లై 3,600, ఫోమ్ 2,400, ఫెవికాల్, స్క్రూలు, శాండ్ పేపర్ 350, చెక్క కోసే జిగ్‌సా మిషను ఒక రోజు అద్దె 300.
ఇప్పటిదాకా మొత్తం: 6,650 రూపాయలు. నిద్ర: ఆయన 2 గంటలు, నేను 2న్నర.

దశ 2. మార్చి: నాన్న చెప్పిన కొలత

మా నాన్న నల్లగొండ వైపు వడ్రంగి. మూడు గంటల జీపు ప్రయాణం చేసి వచ్చి చూడమని అడగలేక, ఫోన్‌లో ఫొటోలు పంపాను. అన్నీ చూసి ఆయన అడిగింది ఒక్కటే. "బండిని కొలిచినవ్ బిడ్డా. మనుషులను కొలిచినవా? మంచం చేసేటోడు ముందు పండుకునేటోన్ని కొలుస్తడు."

ఆ సాయంత్రం హాల్లో చాప వేసి ఇద్దరం పడుకున్నాం. నిటారుగా నిలబడినప్పటి ఎత్తు కాదు, నిద్రలో పడుకునే తీరులో కొలవాలి. మా ఆయన వెల్లకిలా పడుకుంటారు, పాదాలు ముందుకి సాగుతాయి. దిండుతో కలిపి 183 సెం.మీ. కావాలి. నేను పక్కకి ఒత్తిగిల్లి మోకాళ్ళు మడుచుకుంటాను. నాకు 150 చాలు, కానీ మోకాళ్ళ దగ్గర 58 సెం.మీ. వెడల్పు కావాలి. ఆయన భుజాలకి 50. అంటే పొడవు ఆయనకి, వెడల్పు నాకు. పందొమ్మిదేళ్ళు ఒకే మంచం మీద పడుకుని కూడా ఈ లెక్క మా ఇద్దరికీ తెలియదు.

పాత చెక్క పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. 18 ఎంఎం ముక్కలు బీరువా వెనక నిలబెట్టాను.

పని క్రమం:

1. 12 ఎంఎం ప్లై, 8×4 అడుగుల షీటు ఒకటి. దుకాణంలోనే పొడవు కోతలు కోయించుకోండి. జిగ్‌సాతో రెండు మీటర్ల గీత తిన్నగా రాదు, నాకు రాలేదు.
2. చక్రాల గూళ్ళ వంపుని ముందు అట్టముక్క మీద కోసి, కారులో పెట్టి చూసి, సరిపోయాకే చెక్క మీద గీయాలి. నాకు మూడు అట్టలు పట్టాయి.
3. నడిపలకకి మడిచే కాళ్ళు, 38 సెం.మీ.
4. దాని ముందు అంచుకి బందులతో 22 సెం.మీ. రెక్క. ముందు సీట్లని ముందుకి వంచి, హెడ్‌రెస్టులు తీసేసి, ఆ సీట్ల వీపు మీద రెక్క ఆనేలా పెట్టాను. పొడవు 162 + 22 = 184.
5. ఫోమ్ 2 అంగుళాలు, కానీ గట్టి రకం. 4 అంగుళాల మెత్తటిదాని మీద కన్నా దీని మీదే నడుము బాగుంది.
6. కిటికీలకి దోమతెర గుడ్డ, అంచున చిన్న అయస్కాంతాలు కుట్టి. తలుపు ఇనుప చట్రానికి టక్కున అతుక్కుంటుంది. అయస్కాంతాలు 15 సెం.మీ. ఎడంలో పెట్టాలి. మొదట 30 పెట్టాను, మధ్యలో నోరు తెరుచుకుంది.

చెక్క బరువు 31 నుంచి 20 కిలోలకి దిగింది. కూర్చునే ఎత్తు 84 సెం.మీ.కి వచ్చింది. నేను నిటారుగా కూర్చోగలను, ఆయన ఇంకా కొంచెం వంగాలి.

ఖర్చు: ప్లై 2,150, బందులు, స్క్రూలు 420, ఫోమ్ 1,900, తెర, అయస్కాంతాలు 520, జిగ్‌సా అద్దె 300. ఈ దశ 5,290.
ఇప్పటిదాకా మొత్తం: 11,940.

దశ 3. ఏప్రిల్: నాగార్జునసాగర్, హారన్, దోసెల పిండి

ఈ ప్రయాణం గురించే ఎక్కువ రాయాలి. మంచంలో ఉన్న లోపాలన్నీ ఒకే రాత్రి బయటపడ్డాయి.

మొదటి తప్పు వంట వైపు. ఆదివారం ఉదయం ఎత్తిపోతల జలపాతం దగ్గర చెట్టు కింద దోసెలు వేసుకోవాలని, శనివారం పొద్దున్నే రుబ్బిన పిండి రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో ముప్పాతిక వంతు పోసి, పలక కింద పెట్టాను. ఏప్రిల్ ఎండలో ఆగి ఉన్న కారులో పిండి ఎలా పులుస్తుందో ఏ తెలుగు ఇంట్లోనూ చెప్పక్కర్లేదు. నేను పలక కింద చీకట్లో పెట్టాను కాబట్టి చల్లగా ఉంటుందనుకున్నాను. డ్యామ్ చూసి, 26 గేట్లూ ఆయన ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, నాలుగు గంటల తర్వాత కారు దగ్గరికి వస్తే లోపల పుల్లటి వాసన. డబ్బా మూత లేచి పక్కన పడి ఉంది. పిండి డిక్కీ కార్పెట్ మీద పాకి, స్టెప్నీ టైరు గుంటలోకి దిగింది. డిక్కీ తలుపు తెరవగానే అటుగా వచ్చిన కుక్క ఒకటి మాతో పాటే శుభ్రం చేసింది. స్టెప్నీ బయటికి తీసి కడగడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఈలోగా నాగార్జునకొండ లాంచీ వెళ్ళిపోయింది.

1955లో శంకుస్థాపన జరిగిన ఆ డ్యామ్ నీళ్ళలో మునిగిన లోయలోని కట్టడాలని కొండ మీదకి చేర్చిన తీరు చూడాలని మా ఆయనకి చాలా కాలంగా ఉంది. ఆయన ఏమీ అనలేదు. ఒడ్డున నిలబడి లాంచీ చిన్నదయ్యేదాకా చూశారు. అందుకే పిండి సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

రాత్రికి ఒక హోటల్ యజమానిని అడిగి, వాళ్ళ ఆవరణలో లైటు కింద ఆపుకున్నాం. పక్కన ఒక టూరిస్టు బస్సు. దాని ప్రయాణికులు బయట చాపల మీద పడుకున్నారు. పదకొండింటికి కారు లోపల 33 డిగ్రీలు. ఇంజన్ ఆన్ చేసి ఏసీ పెట్టుకుందామా అని ఆయన అడిగారు. వద్దన్నాను. ఆగి ఉన్న కారులో ఇంజన్ నడుస్తుండగా నిద్రపోతే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, మెలకువ కూడా రానివ్వదు. ఎంత ఉక్కగా ఉన్నా ఆ పని చేయకండి. మేము తడి తువ్వాళ్ళు కప్పుకుని పడుకున్నాం.

2:40కి హారన్ మోగింది. ఆగకుండా మోగింది.

జరిగింది ఇది. ఆయన కాళ్ళ బరువు రెక్క మీద పడింది. రెక్క బరువు ముందుకి వంచిన డ్రైవర్ సీటు వీపు మీద. ఆ సీటు వీపు స్టీరింగ్ మధ్యలో సరిగ్గా హారన్ మీద. ఆయన కాలు సర్దుకున్నప్పుడల్లా మోగుతోంది, ఎందుకు మోగుతోందో తెలియక కంగారులో ఇంకా ఎక్కువ సర్దుకుంటున్నారు. కాలు గట్టిగా వెనక్కి లాగేసరికి రెక్క బందులు ఊడి, రెక్క డ్రైవర్ సీటు వైపు జారిపోయింది. హారన్ ఆగింది. బయట చూస్తే చాపలన్నీ చుట్టేసి ఉన్నాయి. బస్సు వాళ్ళు బయలుదేరే హారన్ అనుకుని, పిల్లలని ఎత్తుకుని, బస్సెక్కి సీట్లలో కూర్చున్నారు. వాళ్ళ డ్రైవర్ మాత్రం చెట్టు కింద నిద్రపోతున్నాడు. మా ఆయన బస్సు మెట్లెక్కి, చేతులు జోడించి, అందరికీ విషయం చెప్పి వచ్చారు. వాళ్ళు నవ్వి మళ్ళీ చాపలు పరుచుకున్నారు. వెనక సీట్లో ఒకాయన మాత్రం దిగలేదు, ఎలాగూ కూర్చున్నాను కదా అని అక్కడే నిద్రపోయాడు.

ఇంటికొచ్చాక ఊడిన అంచు చూశాను. స్క్రూలు వంగలేదు, విరగలేదు. ప్లై పొరల మధ్య నుంచి అలాగే బయటికి వచ్చేశాయి. నాన్నకి చెబితే, "ప్లై అంచుకు స్క్రూ కొట్టుడంటే దువ్వెన పండ్ల నడుమ మేకు కొట్టినట్టే. బద్ద ఏది?" అన్నారు.

మార్చినవి:

1. రెక్క, నడిపలక అంచుల కింద 2×1 అంగుళాల టేకు బద్దలు, ఫెవికాల్ పెట్టి బిగించాను.
2. బందులకి స్క్రూలు తీసేసి, పలకలోంచి బద్దలోకి దూరి వెళ్ళే బోల్టులు, రెండు వైపులా వాషర్లు.
3. రెక్కని నిలువునా రెండుగా కోసి, డ్రైవర్ వైపు సగం పూర్తిగా తీసేశాను.

మూడోది అసలైన మార్పు. మంచం ఇద్దరికీ ఒకే పొడవు ఉండాలని నేనే అనుకున్నాను, ఎవరూ చెప్పలేదు. ఎడమ వైపు ఆయనకి 184. కుడి వైపు నాకు 162, అదీ ఎక్కువే. డ్రైవర్ సీటు వంచక్కర్లేదు, స్టీరింగ్‌కి ఏదీ తగలదు. ఏ సీటు ఎంత వంగుతుందో చూడకముందే, మీ ఇద్దరిలో ఎవరికి పొడవు కావాలో తేల్చుకుని వాళ్ళని ఎడమ వైపు పడుకోబెట్టండి.

వంటకి: క్లిప్పులున్న స్టీలు డబ్బా. పిండి మాత్రం మార్చి నుంచి జూన్ దాకా కారెక్కదు. అటుకులు, పొడులు, ఉల్లిపాయలు తీసుకెళ్తున్నాం.

ఖర్చు: బద్దలు 450, బోల్టులు, వాషర్లు 330, డబ్బా 620. ఈ దశ 1,400.
ఇప్పటిదాకా మొత్తం: 13,340. దూరం: 336 కి.మీ. నిద్ర: ఇద్దరికీ మూడేసి గంటలు.

దశ 4. జూలై: అనంతగిరి, గాలి

వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు. మూసీ పుట్టే చోటు. మాకు దగ్గర, వానలో పరీక్షించడానికి తగిన చోటు. కొండ కింద ఒక దాబా వాళ్ళని అడిగి ఆపుకున్నాం. మంచం కిర్రుమనలేదు, హారన్ మోగలేదు. ఆయన పాదాలు పూర్తిగా పరుపు మీదే ఉన్నాయి.

వాన లోపలికి వస్తోందని పదిన్నరకి అద్దాలన్నీ పూర్తిగా ఎత్తేశాం. నాలుగింటికి నా ముఖం మీద చుక్క పడింది. పైకప్పు కారుతోందనుకుని ఆయన లేచి గుడ్డ కోసం వెతికారు. కప్పు కారడం లేదు. మా ఊపిరే. ఇద్దరి శ్వాసలోని తేమ చల్లటి అద్దాల మీద, పైకప్పు మీద పేరుకుని చుక్కలుగా రాలుతోంది. గుడ్డతో అద్దాలు తుడిచి, జ్వరం మందు సీసాతో వచ్చిన కొలత మూతలోకి పిండుతూ లెక్క పెట్టాను: 90 మిల్లీలీటర్లు. పరుపు కింది వైపు కూడా చెమ్మగా ఉంది.

పొద్దున్నే వాన తగ్గాక డిక్కీ తెరిచి, ఫోమ్‌ని బానెట్ మీద ఆరేశాం. సందు ఎంత ఉంచితే గాలి ఆడుతుందో కొలుద్దామని నేను టేపు తీసి కిటికీ దగ్గర పెట్టి, అద్దం దించడానికి లోపలికి వంగాను. కోతి ఒకటి వచ్చి టేపు చివర పట్టుకుంది. డబ్బీ నా చేతిలో, చివర దాని చేతిలో. అది పక్కన గోడెక్కింది. మూడు మీటర్ల దాకా టేపు సాగింది. ఆయన వెనక నుంచి "వదిలెయ్, వదిలెయ్" అంటున్నారు, నాన్న ఇచ్చిన టేపు అది, వదలబుద్ధి కాలేదు. చివరికి కోతే వదిలింది. టేపు సర్రున వెనక్కి వచ్చిన చప్పుడుకి గోడ మీదున్న కోతులన్నీ ఒక్కసారి దూకి పారిపోయాయి. వాటిలో ఒకటి మా దోమతెర పట్టుకుపోయింది. టేపు చివరన ఉండే కొక్కెం వంకరపోయింది. ఇప్పుడు దాంతో కొలిస్తే 2 మి.మీ. తేడా వస్తుంది, లోపలి కొలతలకి వాడటం మానేశాను.

మార్చినవి:

1. నాలుగు తలుపులకీ రెయిన్ వైజర్లు, అంటే కిటికీల పైన అతికించే వాన రేకులు. వాటి కింద అద్దం 3 సెం.మీ. దించినా వాన లోపలికి రాదు.
2. ఒకే వైపు రెండు అద్దాలు దించితే గాలి ఆడదు. ముందు ఎడమ, వెనక కుడి, ఇలా ఎదురు మూలలవి దించాలి.
3. పవర్ బ్యాంక్‌తో తిరిగే చిన్న ఫ్యాన్లు రెండు. ఒకటి గాలి లోపలికి లాగేలా, ఒకటి బయటికి తోసేలా.
4. కోతులున్న చోట తెరలు, తిండి, సబ్బు ఏవీ బయట పెట్టకూడదు. పోయిన తెరని మిగిలిన గుడ్డతో మళ్ళీ కుట్టాను.

ఆగస్టులో వాన పడుతున్న ఒక రాత్రి, ఇంటి ముందు రోడ్డు మీద కారు ఆపి మళ్ళీ పరీక్షించాం. ఈసారి పిండితే 15 మిల్లీలీటర్లే వచ్చింది. వాచ్‌మన్‌కి ముందే చెప్పి పడుకున్నాం. అయినా రెండు సార్లు వచ్చి చూసి వెళ్ళాడు.

ఖర్చు: వైజర్లు 750; ఫ్యాన్లు 900. ఈ దశ 1,650.
ఇప్పటిదాకా మొత్తం: 14,990. దూరం: 518 కి.మీ. నిద్ర: ఐదున్నర గంటలు.

దశ 5. అక్టోబర్: రామప్ప, లక్నవరం

ఈ ప్రయాణంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. ఆరు గంటలు నిద్రపోయాం. లక్నవరం తీగల వంతెన మీద ఆయన చెప్పు ఒకటి చెరువులో పడింది. రెండోది మాత్రం ఇంటిదాకా తెచ్చుకున్నారు.

రామప్ప గుడిలో విన్న మాట ఒకటి నా పనికి పనికొచ్చింది. 1213 నాటి ఆ గుడి శిఖరానికి నీళ్ళ మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. లోపల గాలి గుల్లలున్న ఇటుక. పైన బరువు తగ్గితే కింద స్తంభాల మీద భారం తగ్గుతుంది. చెక్కలో కూడా అవసరం లేని చోట చెక్క ఎందుకు ఉండాలి అనిపించింది.

ఇంటికొచ్చి డ్రిల్లుకి గుండ్రటి రంధ్రాలు కోసే 65 ఎంఎం హోల్ సా తగిలించి, పలకల్లో 40 రంధ్రాలు చేశాను. బద్దలకి, కాళ్ళకి 8 సెం.మీ. దూరంగా, ఒకదానికొకటి 12 సెం.మీ. ఎడంగా. తగ్గిన బరువు ఒక్క కిలో మాత్రమే. బరువు కోసమైతే ఆ శ్రమ అవసరం లేదు. కానీ పరుపు కింద చెమ్మ పూర్తిగా పోయింది, దాని కోసం తప్పకుండా చేయండి. చేసేటప్పుడు పలక కింద పనికిరాని చెక్క ఒకటి పెట్టి, దాని మీద ఒత్తి డ్రిల్ చేయాలి. లేకపోతే అవతలి వైపు పొర లేచిపోతుంది. నాకు మొదటి నాలుగు రంధ్రాలు అలాగే పాడయ్యాయి, అంచులు శాండ్ పేపర్‌తో రుద్దాల్సి వచ్చింది.

ఖర్చు: హోల్ సా 350.
ఇప్పటిదాకా మొత్తం: 15,340. దూరం: 992 కి.మీ.

దశ 6. డిసెంబర్: శ్రీశైలం దారి, తొమ్మిది గంటల గేటు

అమ్రాబాద్ అడవిలోంచి వెళ్ళే శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. రాత్రిపూట జంతువులు తిరిగే దారి అది. మాకు ఇది తెలుసు. తెలిసే, డిండి దగ్గర టీ తాగుతూ ఇంకో అరగంట కూర్చున్నాం. వెన్నెల్లో చెరువు బాగుంది, ఇద్దరం లేవలేదు. మన్ననూరు చెక్‌పోస్ట్ చేరేసరికి 9:20.

మా ముందు ఆరు బండ్లు, తర్వాత వెనకాల ఇంకెన్నో. కొందరు సీట్లు వెనక్కి వాల్చుకుంటున్నారు. మేము దిగి మంచం వేశాం. నడిపలక కాళ్ళు, రెక్క, ఫోమ్, తెరలు: 9 నిమిషాలు పట్టింది. మా ముందున్న కారులో ఐదుగురు ఉన్నారు. వాళ్ళలో ఒక అవ్వ నడుము నొప్పితో కూర్చోలేక రోడ్డు పక్కన నిలబడి ఉంది. మా డిక్కీ దగ్గరికి వచ్చి పరుపు మీద చెయ్యి వేసి చూసింది. ఒత్తి చూసింది. "ఎంత మంచిగున్నది బిడ్డా" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే తన దిండు తీసుకుంటున్నారు.

అవ్వ ఎడమ వైపు, నేను కుడి వైపు. 22 సెం.మీ. రెక్క ఎవరికోసం చేశానో ఆ మనిషి వెళ్ళి, ముందు కారులో అవ్వ ఖాళీ చేసిన చోట, ఇద్దరు పిల్లల మధ్య నిటారుగా కూర్చున్నారు. అవ్వకి పొడవు ఎక్కువే అయింది, రెక్క మీద తన సంచి పెట్టుకుంది. ఏడు గంటలు కదలకుండా నిద్రపోయింది. నేను కూడా. చలికి అద్దాలు 3 సెం.మీ. బదులు 2 ఉంచాను. పొద్దున పిండితే 20 మిల్లీలీటర్లు.

ఆరింటికి గేటు తెరిచారు. ముందు బండ్లన్నీ కదిలాయి, అవ్వ వాళ్ళ కారు తప్ప. అవ్వ మా మంచంలో ఉంది, మా ఆయన వాళ్ళ సీట్లో నిద్రలో ఉన్నారు, పిల్లలిద్దరూ ఆయన భుజాల మీద తలలు పెట్టుకుని పడుకున్నారు. వెనక ఉన్న బండ్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి. అవ్వని దింపి, ఆయన్ని లేపి, ఫోమ్ చుట్టి, రెక్క మడిచి, డ్రైవర్ సీటు వెనక్కి జరపబోతే నడిపలక కాలు అడ్డం. దాన్ని మడవాలంటే ఫోమ్ మళ్ళీ బయటికి తీయాలి. మొత్తం 11 నిమిషాలు. వెనక లారీ డ్రైవర్ దిగొచ్చి ఒక చివర పట్టుకున్నాడు.

వెళ్ళేముందు అవ్వ ఒక్క లోపం చెప్పింది. "పండుకునుడు మంచిగున్నది. ఎక్కుడే కష్టం. ఒక పీట పెట్టు."

నిజమే. నేల నుంచి పరుపు మీదకి 88 సెం.మీ. ఉంది. మేమిద్దరం గెంతి ఎక్కేస్తున్నాం కాబట్టి పది నెలల్లో ఒక్కసారి కూడా ఆ కొలత తీయలేదు.

మార్చినవి:

1. మడిచే క్రమం మార్చాను. నడిపలక కాళ్ళ బందులని లోపలి వైపు నుంచి ముందు వైపుకి మార్చాను. ఇప్పుడు ఫోమ్ కదపకుండానే కాళ్ళు మడుచుకుంటాయి.
2. ఫోమ్‌కి, పలకలకి నాడా పట్టీలు కుట్టి, బిగించాను. పట్టుకుని లాగితే చాలు. పట్టీలకి 120 రూపాయలు.
3. సెల్లార్‌లో ఫోన్ గడియారం పెట్టుకుని మూడుసార్లు మడిచాం: 7 నిమిషాల 40 సెకన్లు, 5:15, 4:30. మూడోసారి వాచ్‌మన్ కూడా ఒక చెయ్యి వేశాడు, కాబట్టి మేమిద్దరమే చేస్తే 5 అనుకోండి.
4. పీట: ఎత్తు 28 సెం.మీ., పైపలక 40×30. ఫిబ్రవరిలో పనికిరాకుండా పోయిన 18 ఎంఎం ప్లై బీరువా వెనక నుంచి తీసి దీనికి వాడాను. బరువున్న చెక్క కాబట్టి కాలు పెడితే ఒరగదు. పైన శాండ్ పేపర్ ముక్క అతికించాను, తడి కాళ్ళకి జారకుండా.

పీట బరువు 4 కిలోల 200 గ్రాములు. ప్రయాణంలో నడిపలక కింద గుంటలో సరిగ్గా పడుతుంది, రెండు వైపులా సెంటీమీటరున్నర సందు ఉంది.

ఇప్పటిదాకా మొత్తం: 15,460 రూపాయలు. దూరం: 1,438 కి.మీ. జనవరిలో మళ్ళీ సాగర్. లాంచీ బయలుదేరే చోటికి శుక్రవారం రాత్రే చేరుకుంటాం. పిండి లేకుండా.